బూన్ కౌంటీలోని పాత రైలు వంతెనలను చూసి రావడం ఎలా

అమెరికాలోని అయోవా రాష్ట్రమంతా బల్లపరుపు నేల అని వినివున్నవారు డె మొయిన్ నది దగ్గరికి వచ్చేసరికి ఆ మాట సవరించుకోవలసి వస్తుంది. మొక్కజొన్న, సోయా చేల మధ్య తిన్నగా సాగిన పట్టాలు బూన్ పట్టణం దాటాక లోతైన, చెట్లు కమ్మిన లోయ అంచుకు చేరతాయి. ఇక్కడి రైల్వేకు మొదట్లో తోచిన దారి లోయలోకి దిగి, నదిని తక్కువ ఎత్తులో దాటి, అవతలి గట్టు ఎక్కడం. ఆ తర్వాత ఎంచుకున్న దారి గట్టు నుంచి గట్టుకు ఎత్తైన వంతెన వేయడం. చూడబోయేవారు కూడా ఇదే క్రమంలో, కింద నుంచి పైకి, వెళ్లడం మంచిది. నేరుగా పెద్ద వంతెన దగ్గరికే వెళితే ఫొటో దక్కుతుంది గానీ, అంత ఎత్తున దాన్ని ఎందుకు కట్టారన్నది తెలియదు.

ఏమ్స్‌లోని అయోవా స్టేట్ యూనివర్సిటీలో చదువుకునే మన విద్యార్థులకు, డె మొయిన్ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఒక్కరోజు ప్రయాణం. ఏమ్స్ నుంచి 30వ నంబరు జాతీయ రహదారి మీద పడమరకు పాతిక కిలోమీటర్లు వెళితే బూన్ వస్తుంది. కారు తప్పనిసరి. వేసవిలో చెట్ల ఆకులు వంతెనల కాళ్లను పూర్తిగా కప్పేస్తాయి. చలికాలంలో అన్నీ కనిపిస్తాయి కానీ విహార రైళ్లు చాలావరకు ఆగిపోతాయి. అందుచేత ఆకు రాలడం మొదలైన అక్టోబరు రెండో సగాన్ని ఎంచుకోవాలని నా సలహా. పొద్దున బయలుదేరి, చివరి వంతెన దగ్గరికి చీకటి పడే వేళకు చేరేలా చూసుకోవాలి. బైనాక్యులర్స్ మరచిపోవద్దు, వంతెనలను చదవడానికి కెమెరా కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

మొదట బూన్‌కు నైరుతిగా, లోయలో ఉన్న మొయింగోనా అనే చిన్న ఊరికి వెళ్లండి. షికాగో అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే పాత దారి ఇటుగానే దిగేది. రెండు వైపులా ఎగుడు ఎక్కువ కాబట్టి బరువు బండ్లను వెనక నుంచి నెట్టడానికి ఇక్కడ ఎప్పుడూ ఒక ఇంజన్‌ను సిద్ధంగా ఉంచేవారు. మన రైల్వే సిబ్బంది బ్యాంకర్ అంటారే, అదే. 1881 జూలై 6 రాత్రి పెద్ద తుఫానులో పట్టాల పరిస్థితి చూడడానికి నలుగురు మనుషులతో అటువంటి ఇంజన్ ఒకటి బయలుదేరి, హనీ క్రీక్ మీది వంతెన కూలడంతో వాగులో పడిపోయింది. ఆ దగ్గరలోనే నివసించే కేట్ షెల్లీ, ఇంకా ఇరవై ఏళ్లు నిండని ఐరిష్ కుటుంబపు అమ్మాయి, ఆ చప్పుడు విని బయటికి వచ్చింది. అర్ధరాత్రి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళయిందని ఆమెకు తెలుసు. డె మొయిన్ నది మీది పొడవైన వంతెనను చీకట్లో, గాలివానలో, స్లీపర్ల మీద పాకుతూ దాటి మొయింగోనా స్టేషన్‌కు చేరి కబురు చెప్పింది. ఇంజన్ మీది నలుగురిలో ఇద్దరు చనిపోయారు, ఇద్దరిని కాపాడగలిగారు. తర్వాతి కాలంలో ఆమె ఇదే మొయింగోనాలో స్టేషన్ ఏజెంటుగా పనిచేసి 1912లో కన్నుమూసింది. ఊళ్లో ఆమె పేరిట చిన్న మ్యూజియం ఉంది. తెరిచే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లాలి. మూసివున్నా సరే, ఒకసారి ఊరి చుట్టూ తిరిగి గట్ల ఎత్తును కళ్లతో కొలుచుకోండి.

అక్కడి నుంచి ఉత్తరంగా, బూన్‌కు పడమట ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కేట్ షెల్లీ వంతెనకు వెళ్లాలి. లోయలోకి దిగే కంకర రోడ్డు దీని కిందుగా పోతుంది. అక్కడ కనిపించేవి పక్కపక్కన నిలిచిన రెండు వంతెనలు. ఉక్కు కాళ్లతో నిలబడ్డది 1901లో తెరిచిన పాతది. పొడవు 2,685 అడుగులు, ఎత్తు 185 అడుగులు, అంటే దాదాపు 56 మీటర్లు. మెంఫిస్ వద్ద మిసిసిపీ మీద 1892లో పెద్ద వంతెన కట్టిన జార్జ్ ఎస్. మోరిసన్ దీని రూపకర్త. ఇది వచ్చాక బండ్లు లోయలోకి దిగే అవసరం తప్పింది, మొయింగోనా దారి పక్కకు పడిపోయింది. రెండోది యూనియన్ పసిఫిక్ రైల్వే సంస్థ 2009లో ప్రారంభించిన ఉక్కు, కాంక్రీటు వంతెన. ఎత్తు 190 అడుగులు. పాతదాని మీద చివరి రోజుల్లో ఒకసారి ఒక్క బండినే, అదీ నెమ్మదిగా పోనిచ్చేవారు. కొత్తదాని మీద ఎదురెదురుగా రెండు బండ్లు పూర్తి వేగంతో దాటిపోగలవు.

ఇక్కడ తొందరపడవద్దు. ముందు పాత వంతెన కాళ్లను చూడండి. ప్రతి ఉక్కు గోపురం పైన ఇరుకుగా, కిందికి వచ్చేకొద్దీ వెడల్పుగా ఉంటుంది. పక్క నుంచి కొట్టే గాలికి వంతెన ఒరగకుండా కాళ్లను అలా ఎడంగా చాచారు. గోపురాల మధ్య ఉన్నవి రేకు గర్డర్లు, అంటే ఉక్కు రేకులతో చేసిన దూలాలు, కానీ నదిలో స్తంభం పెట్టడం ఇష్టం లేని చోట పొడవైన ట్రస్, అంటే కడ్డీలను త్రిభుజాలుగా కలిపిన చట్రం, వేశారు. ఆ ట్రస్‌ను బైనాక్యులర్స్‌తో చూస్తూ ఏ కడ్డీ లాగుడు భరిస్తోంది, ఏది నొక్కుడు భరిస్తోంది అని పోల్చుకోవడం నేర్చుకుంటే మరే పాత వంతెననైనా చదవవచ్చు. లాగుడు భరించేవి సన్నగా ఉంటాయి. ఆ కాలపు కట్టడాల్లో అవి తరచు రెండు చివరలా కంతలున్న చదును కడ్డీలు, కంతల్లోంచి లావుపాటి ఉక్కు మేకు దూర్చి బిగిస్తారు. నొక్కుడు భరించేవి వంగిపోకుండా వెడల్పుగా ఉండాలి, కాబట్టి రెండు ఉక్కు దూలాలను దూరంగా నిలిపి, మధ్యలో ఏటవాలు పట్టీలు అల్లి, రివెట్లు కొడతారు. గుండ్రటి బొడిపెలు వరుసగా కనిపిస్తే అవి రివెట్లు. ఆరు పలకల తలలు కనిపిస్తే అవి బోల్టులు, అంటే చాలావరకు ఇరవయ్యో శతాబ్దం నడిమి తర్వాతి పని, లేదా తర్వాత చేసిన మరమ్మతు. ఒకే వంతెనలో రెండూ ఉంటే ఎక్కడ బలపరిచారో మీరే చెప్పగలరు.

గోదావరి మీద 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన ఎరిగినవారికి ఇక్కడ ఒక మంచి పోలిక దొరుకుతుంది. ఒకటి రెండేళ్ల తేడాతో వచ్చిన ఈ రెండింటిలో అక్కడ నది విశాలం, ఎత్తు తక్కువ, ఒకే రకం స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు) గట్టు దాకా వరుసగా వస్తాయి. ఇక్కడ నది చిన్నది, లోయే పెద్దది, కాబట్టి ఖర్చులో ఎక్కువ భాగం కాళ్ల మీదే పెట్టవలసి వచ్చింది.

జాగ్రత్తల సంగతి సూటిగా చెప్పాలి. పట్టాల మీదికి గాని, వంతెన మీదికి గాని, రైల్వే హద్దు లోపలికి గాని అడుగు పెట్టవద్దు. కొత్త వంతెన మీద బరువైన గూడ్సు బండ్లు రాత్రింబగళ్లు తిరుగుతాయి. పాతదాని మీద బండ్లు నడవకపోయినా అక్కడ తిరగడం నేరమే. బండి పోతున్నప్పుడు సరిగ్గా కింద నిలబడకూడదు, కంకర రాయి పడినా అంత ఎత్తు నుంచి ప్రమాదమే. రోడ్డు పక్కన ఉన్నవి చాలావరకు సొంత భూములు. యజమాని అనుమతి లేకుండా కంచె దాటవద్దు. శరదృతువు వేటాడే కాలం కూడా కాబట్టి ముదురు నారింజ రంగు చొక్కా వేసుకోవడం ఆ ప్రాంతంలో ఆనవాయితీ.

వంతెన మీద నుంచి లోయను చూడాలని ఉంటే దానికి సరైన దారి బూన్‌లోనే ఉంది. బూన్ అండ్ సీనిక్ వ్యాలీ రైల్‌రోడ్ నడిపే విహార రైలు, ఒకప్పటి ఫోర్ట్ డాడ్జ్, డె మొయిన్ అండ్ సదరన్ రైల్వే పట్టాల మీద వెళుతూ బాస్ పాయింట్ క్రీక్‌ను 156 అడుగుల ఎత్తున దాటుతుంది. కింద పారేది చిన్న వాగే. టిక్కెట్టు ముందుగా తీసుకోండి. వంతెన మీద బండి నెమ్మదించినప్పుడు దూరపు కొండ కన్నా కిటికీకి సరిగ్గా కిందనున్న ఉక్కు కాళ్లను చూడడం మేలు.

చివరిది హై ట్రెసిల్ వంతెన, కౌంటీ దక్షిణాన మాడ్రిడ్, వుడ్‌వర్డ్ పట్టణాల మధ్య ఉంది. రైల్వే తన గర్డర్లను విప్పి తీసుకుపోగా మిగిలిన ఎత్తైన కాంక్రీటు స్తంభాల మీద కొత్త నడకదారి వేసి 2011 ఏప్రిల్‌లో ప్రజలకు తెరిచారు. అర మైలు పొడవు, 130 అడుగుల ఎత్తు ఉన్న దీని మీద నడవడానికి టిక్కెట్టు, అనుమతి ఏమీ అక్కర్లేదు. పాత వంతెన ప్రియులు కొందరు దీన్ని పెద్దగా లెక్కచేయరు గానీ, అంత ఎత్తున నిలబడి స్తంభాల వరుసను పై నుంచి చూడగలిగే చోటు ఇంకొకటి ఇక్కడ లేదు. నడకదారిని చుట్టి మెలికలు తిరిగినట్టు నిలిపిన ఉక్కు చట్రాలు డేవిడ్ డాల్‌క్విస్ట్ రూపకల్పన. ఈ ప్రాంతపు పాత బొగ్గు గనుల సొరంగాలను అవి తలపిస్తాయి. చీకటి పడ్డాక వాటికి నీలి దీపాలు వెలుగుతాయి. కారు నిలిపే చోటు నుంచి వంతెన దాకా కొంత దూరం నడవాలి లేదా సైకిలు తొక్కాలి, దారి పొడవునా దీపాలు ఉండవు. చేతి లైటు, గాలి ఆపే కోటు వెంట ఉంచుకోండి. అక్టోబరు సాయంత్రం లోయ మీద గాలి మైదానంలో కన్నా బాగా చల్లగా ఉంటుంది. దీపాలు ఏ వేళ వరకు ఉంచుతారన్నది ఋతువును బట్టి మారుతుంది కాబట్టి ఆ రోజే కనుక్కుని బయలుదేరండి.