డబుల్ లైన్‌లో దిశ మారకపోతే ఎక్కడ వెతకాలి?

డబుల్ లైన్ రైలు మార్గంలో రెండు లైన్ల మీదా రెండు వైపులా బళ్లు నడిచేలా సిగ్నళ్లుంటే, ఒక లైన్ మరమ్మతులో ఉన్నా రాకపోకలు ఆగవు. కానీ దిశ మార్చే వేళకే చిక్కులు బయటపడతాయి.

సమస్య: దిశ మార్చే ఆదేశాన్ని ప్యానెల్ తీసుకోదు

సిగ్నళ్లు నడిపే ఆ ప్యానెల్ మీది బటన్‌ను అనుమానించకండి. మధ్య సెక్షన్లన్నీ (లైన్‌ను విడగొట్టిన ముక్కలు) ఖాళీగా ఉండి, రెండు చివర్లా ఆ లైన్‌లోకి పంపే సిగ్నళ్లు ఎర్రగా ఉంటేనే ఇంటర్‌లాకింగ్ (ప్రమాదకరమైన ఆదేశాలను అడ్డుకునే వ్యవస్థ) దిశను వదులుతుంది. కాస్త ముందే రూట్ (బండికి కేటాయించిన దారి) రద్దు చేసి ఉంటే, టైమర్ పూర్తయ్యేదాకా ఆగండి. అది లోపం కాదు.

సమస్య: బండి లేదు, సెక్షన్ మాత్రం ఎర్రగానే ఉంది

ఎక్కువ సమయం తినేది ఇదే. ట్రాక్ సర్క్యూట్‌లో పట్టాల గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటే రిలేను (కరెంటుతో పనిచేసే స్విచ్) ఎత్తి ఉంచుతుంది. చక్రాలు షార్ట్ చేస్తే రిలే పడుతుంది, ప్యానెల్‌లో సెక్షన్ ఎర్రబడుతుంది. పట్టాలను కలిపే బాండు వైరు తెగినా, పట్టా విరిగినా, బురద పట్టిన కంకర తడిసినా పడుతుంది. వానల్లోనే వస్తుంటే కంకర చూడండి. పక్కపక్క సెక్షన్లు రెండూ ఒకేసారి ఎర్రబడితే వాటి మధ్య ఇన్సులేటెడ్ జాయింట్ (కరెంటు దాటకుండా ఆపే అతుకు) దగ్గరికి వెళ్లండి. ఇనుప రజను చేరినా, పట్టా అంచు సాగినా అక్కడ కరెంటు దాటుతుంది.

ఇవేవీ కాకపోతే మీటరు తీయండి. ఫీడ్ (కరెంటు ఇచ్చే) వైపు వోల్టేజి బాగుండి రిలే వైపు లేకపోతే మధ్యలో ఎక్కడో తెగింది. ఫీడ్ వైపు కూడా కుంగితే షార్ట్.

ట్రాక్ సర్క్యూట్ బదులు ఇరుసులు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్ ఉంటే, లోపలికెళ్లిన ఇరుసులకూ బయటికొచ్చినవాటికీ లెక్క కుదరలేదన్నమాట. సెక్షన్ నిజంగా ఖాళీ అని రూఢి చేసుకోకుండా రీసెట్ చేయకూడదు. తొందర పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

సమస్య: దిశ మారింది, సిగ్నల్ పచ్చబడదు

సాధారణంగా క్రాస్ఓవర్ (బండిని ఒక లైన్ నుంచి ఇంకోదానికి దాటించే పట్టాలు) పాయింట్లే కారణం. టంగ్ రైలు (పాయింట్లలో కదిలే పట్టా) పూర్తిగా ఆనకుండా రాయి అడ్డుపడినా డిటెక్షన్ (పాయింటు సరిగా కూర్చుందన్న ధ్రువీకరణ) రాదు.

సమస్య: బండి దాటిపోయినా ఆటోమేటిక్ గేటు లేవదు

గేటు దాటిన బండి, ఎదురు దిశ బళ్లకు గేటు వేయించే సెక్షన్‌లోకి వెళ్తుంది. దిశను గుర్తుంచుకునే రిలే నిలబడకపోతే, సర్క్యూట్ ఆ బండిని ఎదురొస్తున్న బండే అనుకుంటుంది. ఆ రిలే కాంటాక్టులూ, సెక్షన్లు పడే వరుసా చూడండి.

సమస్య: బండి ఉన్నా ఖాళీ అని చూపిస్తోంది

నిజంగా టెన్షన్ పడాల్సింది ఇక్కడే. కారణం వెతకడం తర్వాత, ముందు ఆ లైన్‌లో బళ్లు ఆపించండి. అరుదుగా వాడే క్రాస్ఓవర్ మీద తుప్పు పేరుకుంటే చక్రాలు సరిగా షార్ట్ చేయలేవు. తుప్పు తీయించి, షంట్ టెస్ట్‌లో (పట్టాలను కావాలనే షార్ట్ చేసి చూసే పరీక్ష) రిలే పడుతోందని చూశాకే లైన్ అప్పగించండి. మళ్లీ మళ్లీ వస్తుంటే అక్కడికి యాక్సిల్ కౌంటరే మేలు.