మేనరికం పెళ్లికి చర్చిలో అనుమతి ఎలా అడగాలి

ఫంక్షన్ హాల్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే మీ విచారణ (పారిష్) ఫాదర్ దగ్గరికి వెళ్లండి. మా ఇంట్లో అంతా తలకిందులుగా జరిగింది కాబట్టి చెప్తున్నా. మిర్యాలగూడలో హాల్ మాట్లాడి, పత్రికలు పంచేసి, ఇంకో 12 రోజుల్లో పెళ్లనగా తీరిగ్గా వెళ్లి "ఫాదర్, అబ్బాయి స్వయానా మేనబావే" అన్నాం. ఆయన తల పట్టుకున్నారు.

మనకు మేనబావ అంటే పుట్టినప్పుడే ఖాయమైన సంబంధం. శ్రీసభకు, అంటే కతోలిక చర్చికి, మాత్రం అది ఆటంకం. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రంలో 1091వ నిబంధన ప్రకారం పక్కవరసలో (తల్లీబిడ్డల్లా నేరుగా కాకుండా, ఒకే తాత నుంచి చీలిన వరసలో) నాలుగో మెట్టు దాకా రక్తసంబంధం ఉంటే, బిషప్ మినహాయింపు లేకుండా చేసిన పెళ్లి చెల్లదు.

లెక్క తేలికే. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న తాతను వదిలేసి మధ్యలో ఉన్న మనుషులను లెక్కపెట్టండి: అబ్బాయి, వాళ్లమ్మ, ఆమె అన్న, ఆయన కూతురు. నాలుగు. మేనమామను చేసుకుంటే మూడే, అంటే ఇంకా దగ్గర, అడగడం కూడా అంత కష్టం. తోడబుట్టినవాళ్లు రెండో మెట్టు, దానికి మినహాయింపు ఎప్పుడూ ఇవ్వరు. అబ్బాయి తాతా, అమ్మాయి అమ్మమ్మా అన్నాచెల్లెళ్లయి, ఆ మనవడూ మనవరాలూ చేసుకుంటే ఆరు వస్తుంది, అక్కడ ఆటంకమే లేదు. ఇంకోటి, మేనబావ వేరు, పెద్దమ్మ కొడుకు వేరు అని మనం అంటాం గానీ ఈ లెక్కలో ఇద్దరూ నాలుగే!

ఫాదర్‌తో ఎంత చనువున్నా సంతకం పెట్టాల్సింది బిషప్ గారే. మావైపు వాళ్లకైతే 1976లో ఏర్పడిన నల్లగొండ మేత్రాసనం (బిషప్ గారి పరిధి, డయోసిస్). దరఖాస్తు ఫాదర్ రాసి పంపుతారు, మీరు ఇద్దరి కొత్త జ్ఞానస్నాన సర్టిఫికెట్లు తీసుకెళ్లండి (ఆరు నెలల లోపువి, ఎప్పుడో తీసి బీరువాలో దాచినవి పనికిరావు), తాతల దాకా వంశవృక్షం ఒక కాగితం మీద గీసుకెళ్లండి. సరైన కారణం కూడా చెప్పాలి. పొలం బయటికి పోవద్దనే మాట పెద్దవాళ్ల నోట వస్తే రానివ్వండి, ఫాదర్‌కు అది కొత్తేం కాదు, కానీ ఆయన అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి అడిగేటప్పుడు మేనత్త పక్కన కూర్చోకూడదు. బలవంతం మీద ఒప్పుకున్న పెళ్లి, మినహాయింపు ఉన్నా చెల్లదు.

ఇప్పటికే గుట్టుగా చేసేసుకున్నారా? టెన్షన్ పడకండి, దారి ఉంది. మినహాయింపు తెచ్చుకుని, ఫాదర్ ముందు, ఇద్దరు సాక్షుల ముందు మళ్లీ సమ్మతి చెప్పాలి.

పెళ్లయ్యాక మినహాయింపు సంగతి వివాహ రిజిస్టర్‌లో రాశారో లేదో చూడండి. అమ్మాయి జ్ఞానస్నానం దేవరకొండ దగ్గర అమ్మమ్మ ఊళ్లో జరిగి ఉంటే పెళ్లి కబురు ఆ విచారణకూ వెళ్లాలి, అక్కడి రిజిస్టర్‌లోనూ ఎక్కాలి. ఒకటి రెండు నెలలు ఆగి ఒక ఫోన్ కొట్టండి.