అమ్మ మందుల డబ్బా బోర్లించాక

పోయిన నెల మా అమ్మ మంచం మీంచి లేస్తూ రెండుసార్లు తూలి పడబోయింది. 74 ఏళ్లు కదా, నీరసమేమో అనుకున్నాం. పాదాలు కూడా వాచేసరికి టెన్షన్ పట్టుకుని, ఓ ఆదివారం బిస్కెట్ల డబ్బాలోని మందులన్నీ చాప మీద బోర్లించాను. పదకొండు రకాలు! సగం కత్తిరించిన స్ట్రిప్పులే. గడువు తేదీ ఉన్న ముక్క మందుల షాపులోనే ఉండిపోయింది.

కళ్లజోడు పెట్టుకుని, కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివాను. ఒకటి తెల్లది, ఒకటి గులాబీ రంగుది. రెండూ బీపీకి వాడే ఆమ్లోడిపిన్ 5 ఎంజీయే. ఒకటి గుండె డాక్టరు రాసింది, ఇంకోటి షుగరు డాక్టరు రాసింది. అమ్మ బుద్ధిగా రెండూ వేసుకుంటోంది.

నా అంతట నేను ఏదీ మాన్పించలేదు. అన్నీ సంచిలో వేసుకుని సూర్యారావుపేటలో మాకు అలవాటైన డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన చూసి ఆ రెండు ఆమ్లోడిపిన్లలో ఒకటి తీసేశారు. తూలడం, పాదాల వాపు ఆ డబుల్ డోసు వల్లే కావచ్చన్నారు. మోకాళ్ల నొప్పులకు అమ్మ సొంతంగా కొనుక్కునే డైక్లోఫెనాక్ కూడా వద్దన్నారు. అది బీపీ పెంచుతుందట, కిడ్నీలకూ మంచిది కాదట. థైరాయిడ్ మాత్ర పరగడుపున, కాల్షియం కనీసం 4 గంటలాగి వేసుకోమన్నారు. ఇన్నాళ్లూ రెండూ ఒకే గుక్కలో మింగేది.

ఇప్పుడు వారానికి సరిపడా గళ్ల డబ్బా కొన్నాను. ఆదివారం రాత్రి నేనే నింపుతాను. పక్కన కూర్చుని, "మళ్లీ లెక్కపెట్టరా, నీ లెక్కలు నాకు తెలుసు" అంటుంది అమ్మ.