ముందు ఖాళీ జెల్ సంగతి తేల్చండి

తార్నాకలో మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేదే ఇది. ఖాళీ జెల్ అంటే ప్రోటీన్ కలపని జెల్. చేయాల్సిన పని: ఎలుక చర్మం కింద ఆల్జినేట్ జెల్ ఎక్కించి, అందులోంచి మెల్లగా ఊరే జీఎం-సీఎస్‌ఎఫ్ ప్రోటీన్‌తో డెండ్రైటిక్ కణాలనే రోగనిరోధక కణాలను అక్కడికి రప్పించడం. క్యాన్సర్ కణితి ఆనవాళ్లను, దాని మీద దాడి చేసే టీ కణాలకు చూపించేది అవే. చుట్టాలు అడిగితే మాత్రం ఇది ఎలుకల దగ్గరే ఉన్న పని అని చెప్పండి, లేనిపోని ఆశ పెట్టొద్దు.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి వచ్చేలోపు ఆర్డర్లు పెట్టుకోండి. ఎలుకలకు ఎలుక జీఎం-సీఎస్‌ఎఫ్ కావాలి, మనిషిది వాటి మీద పనిచేయదు. ఆల్జినేట్ దగ్గర అసలు కక్కుర్తి పడొద్దు. దాన్ని సముద్రపు నాచు నుంచి తీస్తారు, మామూలు గ్రేడ్‌లో ఎండోటాక్సిన్, అంటే బ్యాక్టీరియా విషపదార్థం, ఉంటుంది. అది ఉంటే ప్రోటీన్ ఏదీ కలపకపోయినా రోగనిరోధక కణాలు పరుగెత్తుకొస్తాయి. గ్రాఫ్ చూసి గైడ్‌గారు మురిసిపోతారు, రివ్యూయర్ వదలడు. అల్ట్రాప్యూర్ రకం తెప్పించి, దానికి కూడా ఎండోటాక్సిన్ పట్టించే ఎల్‌ఏఎల్ టెస్ట్ చేయండి.

ఆల్జినేట్‌ని ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో స్టెరిలైజ్) చేయొద్దు. వేడికి ఆల్జినేట్ గొలుసులు తెగిపోయి చివరికి జావ మిగులుతుంది. పల్చటి ద్రావణాన్ని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచి పంపి, ఫ్రీజ్ డ్రై చేసి, స్టెరైల్ సెలైన్‌లో 2 శాతం వచ్చేలా రాత్రంతా కరగనివ్వండి. ఆల్జినేట్‌ని జెల్‌గా బిగించేది కాల్షియం. సెలైన్ బదులు పీబీఎస్ అనే ఉప్పు ద్రావణం వాడితే అందులోని ఫాస్ఫేట్ ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కణాలు పెంచే కల్చర్ మీడియంలో ముందే కాల్షియం ఉంటుంది, అదీ వద్దు.

కాల్షియం క్లోరైడ్ తగిలిన చోటల్లా ఉండ కట్టేస్తుంది. కాల్షియం సల్ఫేట్ నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి మనకు టైమ్ దొరుకుతుంది. ఒక సిరంజిలో ప్రోటీన్ కలిపిన ఆల్జినేట్, రెండోదాంట్లో సల్ఫేట్ నీళ్లు. సల్ఫేట్ అడుగుకు దిగిపోతుంది, కాబట్టి బాగా కుదిపాకే సిరంజిలోకి లాగండి. రెండింట్లోంచీ బుడగలు తీసి, లూయర్ కనెక్టర్‌తో కలిపి అటూ ఇటూ తోయండి. మన మే నెల ఎండల్లో ఏసీ ఆగిందంటే జెల్ సూదిలోనే బిగుసుకుంటుంది, సిరంజిలను ఐస్ మీద ఉంచండి. చేయి కుదిరేదాకా ప్రోటీన్ బదులు ఫుడ్ కలర్‌తో ప్రాక్టీస్ చేయండి, ప్రోటీన్ ఖరీదు తెలిసిందేగా.

గ్రూపులు నాలుగు ఉండాలి: సెలైన్, ఖాళీ జెల్, జెల్ లేని ప్రోటీన్, ప్రోటీన్ ఉన్న జెల్. ఒంట్లోకి ఏ పరాయి వస్తువు వెళ్లినా న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు అనే వేరే రోగనిరోధక కణాలు చుట్టుముడతాయి. మొత్తం కణాల లెక్క చూపిస్తే నేను ఒప్పుకోను. కణాలను రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీలో, డెండ్రైటిక్ కణాల గుర్తులైన సీడీ11సీ, ఎంహెచ్‌సీ-2 రెండూ ఉన్నవి ఖాళీ జెల్ కంటే ఎంత ఎక్కువో చూపించండి.

మామూలు ఆల్జినేట్‌లో రంధ్రాలు నానోమీటర్లలో ఉంటాయి, కణాలు జెల్ అంచు దగ్గరే ఆగిపోతాయి. లోపలికి రావాలంటే క్రయోజెల్ చేయాలి. గడ్డకట్టిన మంచు పలుకుల చోటే పెద్ద రంధ్రాలవుతాయి. నలిగి సూదిలోంచి దూరి, లోపల మళ్లీ పాత ఆకారానికి వచ్చే ఇలాంటి జెల్‌ని హార్వర్డ్‌లో డేవిడ్ మూనీ బృందం 2012లో చూపించింది.

జీఎం-సీఎస్‌ఎఫ్ ఎక్కువేస్తే ఎక్కువ లాభం అనుకోకండి. గాఢత మరీ పెరిగితే వచ్చిన కణాలు అక్కడే తిష్ఠ వేస్తాయి, టీ కణాలు ఉండే లింఫ్ నోడ్‌కి కదలవు. వాటిని ఉత్తేజపరచడానికి సీపీజీ డీఎన్‌ఏ కూడా కలుపుతారు. అందుకే జెల్‌తో పాటు ఆ పక్క లింఫ్ నోడ్‌ని కూడా అదే రోజు తీసి చూడండి.