యెషయా 53వ అధ్యాయాన్ని అధ్యయనం చేయడం ఎలా: మెస్సీయ ప్రవచనం, దాని క్రైస్తవ వ్యాఖ్యానం

హెబ్రీ లేఖనాల్లో క్రైస్తవులు మెస్సీయను గురించిన ప్రవచనాలుగా చూపే భాగాల్లో యెషయా గ్రంథంలోని బాధపడే సేవకుని గీతం అత్యంత ప్రసిద్ధమైనది. శుభ శుక్రవారం ఆరాధనలో దాన్ని వినని తెలుగు క్రైస్తవులు అరుదు. సిలువ వృత్తాంతం ముందే తెలిసి చదువుతాం కాబట్టి ఆ గీతంలో అసలు ఏముందో నిదానంగా చూసే అవసరం మనకు సాధారణంగా కలగదు. దీన్ని శ్రద్ధగా అధ్యయనం చేయదలచినవారు మూడు ప్రశ్నలను వేర్వేరుగా అడగాలి: తొలి శ్రోతలకు ఇది ఏం చెప్పింది, యూదు పాఠకులు దీన్ని ఎలా అర్థం చేసుకున్నారు, కొత్త నిబంధన రచయితలు దీన్ని ఎక్కడ, ఎందుకు ఉదహరించారు. ఒక ప్రశ్నకు దొరికిన జవాబును మరొకదానికి అతికించడం వల్లనే ఈ విషయంపై జరిగే వాదాలు చాలావరకు తెగకుండా మిగిలిపోతున్నాయి.

మొదట చదవవలసిన హద్దులను సరిచూసుకోవాలి. గీతం 53:1తో మొదలుకాదు. 52:13లో దేవుడు తన సేవకుడు హెచ్చింపబడతాడని ప్రకటించడంతో మొదలై 53:12లో అదే హెచ్చింపుతో ముగుస్తుంది. ఇప్పుడు మనం వాడే అధ్యాయ విభజన 13వ శతాబ్దపు ఆరంభంలో ఇంగ్లండుకు చెందిన మతాచార్యుడు స్టీఫెన్ లాంగ్టన్ చేసిన ఏర్పాటును అనుసరించినదే కాబట్టి, అది గీతాన్ని మూడు వచనాల తర్వాత కోసిందని గుర్తించి, ఆ మూడు వచనాలను తప్పక కలిపి చదవాలి. 52:15లో రాజులు నోరు మూసుకుంటారన్న మాట ముందు ముందు చాలా అవసరమవుతుంది.

ఆ తర్వాత 40 నుంచి 55 వరకు ఉన్న అధ్యాయాలను ఒకే విడతలో చదవడం మేలు. వీటి నేపథ్యం బబులోను చెర, అంటే యూదులు బబులోనులో బందీలుగా ఉన్న కాలం. యెరూషలేము క్రీ.పూ. 6వ శతాబ్దపు తొలి పాదంలో కూలింది, క్రీ.పూ. 539లో బబులోనును జయించిన పారసీక రాజు కోరెషును 45:1 యెహోవా అభిషేకించినవాడని పిలుస్తుంది. అంటే అభిషిక్తుడన్న బిరుదు (మెస్సీయ అన్న మాటకు అర్థం ఇదే) ఇక్కడ ఒక విదేశీ రాజుకు దక్కింది. 53వ అధ్యాయంలోని సేవకునికి మాత్రం ఎక్కడా దక్కలేదు. చదువుతున్నప్పుడు సేవకుడన్న మాట కనిపించిన ప్రతి చోటా గుర్తు పెట్టుకోండి. 41:8, 44:1, 49:3 ఆ సేవకుణ్ని ఇశ్రాయేలు అని సూటిగా పిలుస్తాయి. అయితే 49:5-6లో అదే సేవకుడు ఇశ్రాయేలును తిరిగి దేవుని యొద్దకు తేవలసినవాడిగా కనిపిస్తాడు. జనాంగమే సేవకుడైతే ఆ జనాంగాన్ని మళ్లించేవాడు ఎవరన్న చిక్కు గ్రంథంలోనే ఉంది. దాన్ని తర్వాతి కాలపు క్రైస్తవులు పుట్టించలేదు. జర్మన్ బైబిలు పండితుడు బెర్నార్డ్ డూమ్ 1892లో నాలుగు సేవకుని గీతాలను మిగతా భాగం నుంచి వేరుచేసి చూపాడు. ఆ విభజన ఉపయోగకరమే గాని, దాన్ని అతిగా నమ్మి గీతాలను సందర్భం నుంచి పూర్తిగా విడదీస్తే ఈ చిక్కే కనబడకుండా పోతుంది.

ఇప్పుడు గీతంలో ఎవరు మాట్లాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకోవాలి. మొదటా చివరా మాట్లాడేది దేవుడు; నడుమ ‘మేము’ అనే ఒక గుంపు. “మన యతిక్రమక్రియలనుబట్టి అతడు గాయపరచబడెను” అంటున్న ఆ గుంపు ఎవరు? 52:15లోని రాజులే, అంటే అన్యజనులే అయితే, వారి చేత బాధలు పడ్డ ఇశ్రాయేలు సేవకుడవుతుంది. ప్రవక్త తన సొంత ప్రజల పక్షాన మాట్లాడుతున్నాడంటే సేవకుడు ఆ ప్రజల నుంచి వేరైన వ్యక్తి అవుతాడు. 53:8లోని ‘నా జనుల’ అన్న మాటను క్రైస్తవ వ్యాఖ్యాతలు ఇందుకే చూపిస్తారు. ఏ పక్షం వాదించినా చివరకు ఈ సర్వనామాల మీదనే ఆధారపడుతుంది.

యూదుల అవగాహన ఒక్కటే అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు. ప్రవక్తల గ్రంథాలకు అరామిక్ భాషలో ఉన్న ప్రాచీన యూదు అనువాదమైన యోనాతాను తర్గూము 52:13లోని సేవకుణ్ని మెస్సీయ అంటుంది, కాని బాధలను మాత్రం ఇతరుల మీదికి మళ్లిస్తుంది. యూదు బోధకుల చర్చల సంకలనమైన బబులోను తల్మూదులో, సన్‌హెద్రిన్ అనే భాగం 98బి పుటలో, మెస్సీయ పేర్ల చర్చలో 53:4 ప్రస్తావనకు వస్తుంది. సేవకుడంటే ఇశ్రాయేలు జనాంగమని వివరించినవారిలో ప్రముఖుడు యూదు వ్యాఖ్యాత రాషి (1040-1105). ఆ వివరణను రాషియే కల్పించాడని కొన్ని క్రైస్తవ ప్రసంగాల్లో చెబుతుంటారు గాని, అది నిలవదు: 3వ శతాబ్దంలోనే క్రైస్తవ పండితుడు ఓరిగెన్, క్రైస్తవ్యాన్ని విమర్శించిన సెల్సస్ అనే తత్త్వవేత్తకు ఇచ్చిన జవాబులో, తాను వాదించిన యూదులు ఈ భాగం చెదరిపోయిన జనాంగమంతటినీ గురించినదని చెప్పినట్లు రాశాడు.

కొత్త నిబంధనలోకి వచ్చినప్పుడు ఉదాహరణలను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. ఇక్కడే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. మత్తయి 8:17 యెషయా 53:4ను సిలువకు కాక, యేసు రోగులను స్వస్థపరచిన సందర్భానికి అన్వయిస్తుంది. యోహాను 12:38, రోమా 10:16 రెండూ 53:1ని ప్రజల అవిశ్వాసాన్ని వివరించడానికే వాడాయి. లూకా 22:37లో యేసు 53:12ను ఉదహరిస్తూ తాను అక్రమకారులలో ఎంచబడటం గురించి చెబుతాడు. పాపపరిహారంతో గీతాన్ని నేరుగా ముడిపెట్టే స్పష్టమైన వాక్యభాగం 1 పేతురు 2:22-25. అదీ అన్యాయంగా దెబ్బలు తింటున్న పనివారికి ఓర్పు నేర్పే సందర్భంలో వచ్చింది. 53:12ను ఉదహరించే మార్కు 15:28 అత్యంత ప్రాచీన ప్రతుల్లో లేదు కాబట్టి దాన్ని ఆధారంగా తీసుకోకూడదు.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో చదువుతున్నది ఈ గీతమే. ప్రవక్త తనను గురించి చెబుతున్నాడా, వేరొకరిని గురించా అని అతడు ఫిలిప్పును అడుగుతాడు. ఈ అధ్యయనానికి అంతకంటే సరైన ప్రశ్న లేదని నా అభిప్రాయం. 8:33ను మీ తెలుగు బైబిలులోని యెషయా 53:8తో పోల్చి చూస్తే మాటలు కొంత తేడాగా కనిపిస్తాయి. అక్కడ ఉదహరించినది గ్రీకు అనువాదమైన సెప్టువజింటు నుంచి. ఇలాంటి తేడాలు చూసి ఎవరో లేఖనాన్ని మార్చారని తొందరపడనక్కరలేదు. 1947లో మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహల్లో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట క్రీస్తుకు సుమారు వందేళ్ల ముందటిది. అందులో ఈ గీతం ఉంది, చిన్న పాఠభేదాలు తప్ప సంప్రదాయ హెబ్రీ పాఠానికి దగ్గరగానే ఉంది.

చివరగా, ‘నెరవేరింది’ అన్నప్పుడు సువార్తికుని ఉద్దేశం ఏమిటో ప్రతిసారీ పరీక్షించాలి. ఐగుప్తులో నుంచి నా కుమారుణ్ని పిలిచాను అన్న హోషేయ 11:1 ముందుకాలాన్ని చెప్పే మాట కాదు, నిర్గమాన్ని గుర్తుచేసే మాట. అయినా మత్తయి 2:15 దాన్ని యేసులో నెరవేరినట్లు చూపుతుంది, ఎందుకంటే మత్తయి దృష్టిలో యేసు ఇశ్రాయేలు చరిత్రను తనలో మళ్లీ నడుస్తున్నాడు. మీకా 5:2లో బేత్లెహేము ప్రస్తావన దీనికి భిన్నంగా రాబోయే పాలకుని గురించినదే. ఈ తేడా పట్టుబడితే యెషయా 53లో సేవకుడు ఇశ్రాయేలా, ఒక వ్యక్తియా అన్న ప్రశ్నకు క్రైస్తవ వ్యాఖ్యానం ఒకదాన్నే ఎంచుకోవలసిన అవసరం లేదని కూడా తెలుస్తుంది. ఇశ్రాయేలు పిలుపును ఒక్కడే నెరవేర్చాడని అది చెప్పగలదు. ఆ మాట చెప్పేవారు 53:10లో సేవకుడు సంతానాన్ని చూసి దీర్ఘాయువు పొందుతాడన్న దానికి యూదు పాఠకులు అడిగే వివరణ ఇవ్వాలి. పునరుత్థానం, శిష్యసంతతి అన్నవి క్రైస్తవులు ఇచ్చే జవాబు. ఆ జవాబు గీతంలో నుంచి పుట్టినదా, యేసు పట్ల విశ్వాసంతో గీతాన్ని చదివినందువల్ల దొరికినదా అన్నది మీ కాగితంలో నిజాయితీగా రాసుకోండి.