కాల్ ముగిసిన తర్వాత: ఫైర్ స్టేషన్‌లో తోటివారికి తోడుగా నిలవడం ఎలా

వేసవిలో ఒక మధ్యాహ్నం వ్యవసాయ బావిలో మునిగిపోయిన పిల్లవాణ్ణి బయటికి తీసి స్టేషన్‌కు తిరిగి వచ్చాక, మా బృందంలో అందరికంటే చిన్నవాడైన ఫైర్‌మన్ రెస్క్యూ తాడును కుళాయి కింద పెట్టి కడిగాడు. ఆరవేసిన కాసేపటికే దండెం మీది నుంచి తీసి మళ్ళీ కడిగాడు. మూడోసారి అతను తాడు అందుకున్నప్పుడు నేను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను. ఇద్దరం నీళ్ళు పిండి ఆరవేస్తుండగా, "అన్నా, ఆ పిలగాని మొలతాడు, మావోని మొలతాడు ఒక్కతీరే ఉన్నయ్" అన్నాడు. "ఔ తమ్మీ, నేను గూడ చూసిన" అన్నాను.

ఆ రోజు అంతకుమించి మాటలు నడవలేదు, నడవవలసిన అవసరమూ లేదు. నా తప్పు ఆ రోజుది కాదు. రెండు మూడు రోజులు కనిపెట్టి చూసి, అతను డ్రిల్‌కు మామూలుగానే వస్తున్నాడు గదా అని ఊరుకున్నాను. నెల దాటాక, మందు తాగితే తప్ప అతనికి రాత్రి కన్ను మూతపడటం లేదనీ, సొంత కొడుకును ఎత్తుకోవడానికే వెనకాడుతున్నాడనీ ఇంకొకరి నోట విన్నాను. వరంగల్ వైపు స్టేషన్లలో పనిచేసి పదవీ విరమణ చేసిన నేను, ఇప్పుడు డ్యూటీలో ఉన్న తమ్ముళ్ళ కోసం ఇది రాయడానికి కారణం ఆ నెల రోజులు నేను అతన్ని పలకరించకపోవడమే.

మన దగ్గర ఈ భారం ఎట్లా వస్తుంది

పత్తి బేళ్ళకు నిప్పంటుకుంటే పైమంట ఆరినా లోపల రాజుకుంటూనే ఉంటుందనీ, బేలు విప్పి తడిపేదాకా పని ముగియదనీ మన ప్రాంతంలో జిన్నింగ్ మిల్లుల కాల్స్‌కు, అంటే ప్రమాద కబురు అందగానే బయల్దేరే పనులకు, వెళ్ళినవారందరికీ తెలుసు. అయితే అటువంటి కాల్స్ ఒళ్ళు అలిసేలా చేస్తాయి గాని, మనసును ఎక్కువగా గాయపరిచేవి బావుల్లో, చెరువుల్లో, కాలువల్లో మృతదేహాలను వెలికితీసే కాల్స్, రోడ్డు ప్రమాదాల్లో నుజ్జయిన బండి రేకును కోసి మనిషిని బయటికి తెచ్చే కాల్స్. 2023 జూలైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లి ఊరు మునిగిన రోజుల్లాంటివి వచ్చినప్పుడు, ఒడ్డుకు చేర్చినవారి కంటే చేయి అందించలేకపోయినవారే సిబ్బందికి ఎక్కువ కాలం గుర్తుంటారు.

దీనికి తోడు, పరకాల, నర్సంపేట, జనగామ, ములుగు వంటి చోట్ల పనిచేసేవారికి ఆ ఊళ్ళూ ఆ మనుషులూ పరిచయస్థులే. సోమవారం ఎవరి బిడ్డను బావిలో నుంచి తీశామో ఆ తండ్రే శనివారం అంగట్లో ఎదురుపడి దండం పెడతాడు. నగరంలో పనిచేసేవారికి అరుదుగా ఎదురయ్యే ఈ కష్టాన్ని తోడుగా నిలిచేవారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఏది మామూలు, ఏది కాదు

ఘోరమైన కాల్ తర్వాత కొన్ని రోజులు నిద్ర చెదరడం, అన్నం సయించకపోవడం, దృశ్యాలు కళ్ళ ముందు కదలడం జబ్బు కాదు. చాలామందికి అవి వాటంతట అవే తగ్గుతాయి. తగ్గకుండా నెలకు మించి కొనసాగి, డ్యూటీనీ కాపురాన్నీ దెబ్బతీస్తున్నప్పుడు వైద్యులు దాన్ని పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్‌గా, అంటే పీటీఎస్‌డీగా పరిగణించి పరీక్షిస్తారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ఈ పేరుతో దాన్ని తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చింది. ఇది పిరికితనం కాదు.

స్టేషన్‌లో ఈ లక్షణాలు పుస్తకంలో ఉన్నట్టు కనబడవు. డ్రైవర్ ఆపరేటర్ ఆ బావి ఉన్న దారి తప్పించి చుట్టూ తిరిగి వస్తుంటాడు. బెల్ మోగగానే లేచేవాడు ఇప్పుడు బెల్ మోగకముందే ఉలిక్కిపడి కూర్చుంటాడు. నవ్వుతూ ఉండేవాడు గ్లాసు కిందపడితే కొట్లాటకు దిగుతాడు. ఇంకొకడు ఏ కాల్‌కు పోయినా ముఖంలో ఏ భావమూ లేకుండా తిరిగి వస్తాడు. అతన్ని 'గట్టోడు' అని మెచ్చుకుంటాం గాని, నా అనుభవంలో అందరికంటే ముందు పలకరించవలసినవాడు అతనే. చాలామంది మనసు బాగాలేదని చెప్పరు. గుండె దడ అనీ, తల బరువనీ, కడుపులో తిప్పుతున్నదనీ చెబుతారు.

మొదటి రాత్రి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మొత్తాన్నీ మూడు పనులుగా చెబుతుంది: చూడటం, వినడం, అవసరమైన సహాయంతో కలపడం. స్టేషన్‌కు తిరిగి వచ్చిన మొదటి గంటల్లో చూడటమే ముఖ్యం. శవాన్ని ముట్టినవారు స్నానం చేయనిదే ఇంట్లో అడుగుపెట్టని ఆచారం మనది కాబట్టి, ముందుగా స్నానానికి నీళ్ళు, మార్చుకోవడానికి పొడి బట్టలు, తర్వాత వేడి చాయ్ చూడండి. కాలిన శరీరాలను చూసి వచ్చిన రాత్రి కోడికూర తెప్పించకండి. ఆ వాసనే కొందరికి ఎన్నో రోజులు మాంసం ముట్టనివ్వదు. పప్పన్నం, మజ్జిగ చాలు. మందు సీసా మాత్రం తెరవనీయకండి. మందు నిద్ర తెప్పించినట్టే అనిపించినా ఆ నిద్రను మధ్యలోనే చెడగొడుతుంది, అలవాటైతే అసలు గాయాన్ని కప్పి ఉంచుతుంది.

ఆ రాత్రి అందరినీ వరుసగా కూర్చోబెట్టి 'ఏం జరిగిందో, ఏమనిపించిందో చెప్పండి' అని బలవంతంగా చెప్పించే పని పెట్టుకోవద్దు. 1980లలో అమెరికాలో అత్యవసర సేవల సిబ్బంది కోసం మొదలైన డీబ్రీఫింగ్ పద్ధతి మంచి ఉద్దేశంతోనే వచ్చింది. కాని ఒక్క విడత కూర్చోబెట్టి మాట్లాడించడం వల్ల పీటీఎస్‌డీ రాకుండా ఆగదనీ, కొందరికి కీడు కూడా జరగవచ్చనీ వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ 2002 నాటి సమీక్ష తేల్చింది. కాల్‌లో నీటి సరఫరా ఎక్కడ ఆగింది, తాడు ఎవరు కట్టారు అనే పని లెక్కలు వేరు, అవి మాట్లాడుకోవాలి. మనసు లెక్క ఎవరికి వారు తమకు వీలైనప్పుడు విప్పుతారు.

ఎట్లా మాట్లాడాలి

ఎదురెదురుగా కూర్చుంటే విచారణలా ఉంటుంది. హోస్ పైపులు ఆరబెడుతూనో, టెండర్ (మంటలార్పే బండి) తుడుస్తూనో, చాయ్ బండి దాకా నడుస్తూనో పక్కపక్కన ఉన్నప్పుడు నోరు సులువుగా పెగులుతుంది. "బాగున్నవా?" అని అడిగితే "మంచిగనే ఉన్న అన్నా" అనే జవాబే వస్తుంది. దానికి బదులు మీరు చూసినదాన్నే చెప్పండి: "తమ్మీ, నిన్న రాత్రి రెండింటికి వాచ్ రూమ్‌ల కూసున్నవ్, నిద్ర వడుతలేదా?" అప్పుడు అతను ఏమైనా చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. చెప్పకపోతే "సరే, రేపు కలుద్దాం" అని నిజంగానే రేపు కలవండి. చెబితే మధ్యలో మీ పాత కాల్స్ కథలు ఎత్తుకోకండి. 'మేము ఇంతకంటే ఘోరమైనవి చూసినం' అనే మాట ఆ తలుపును మూసేస్తుంది. 'మరిచిపో', 'దేవుడి రాత' అనే మాటలు కూడా అంతే. ఇంటివాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించినా, దర్గాకు తీసుకుపోయినా ఎగతాళి చేయకండి. వీలైతే వెంట వెళ్ళండి, అదే వారంలో డాక్టర్ దగ్గరికీ వెళ్ళేలా చూడండి.

మాట్లాడుతుండగానే జ్ఞాపకం ముంచుకొచ్చి అతని ఊపిరి ఎగబీలిస్తే, పాదాలు రెండూ నేలకు గట్టిగా ఆనించి, హోస్ పైపులను కలిపే చల్లని ఇత్తడి కప్లింగ్‌ను చేతిలో పట్టుకొని, ఎదురుగా ఉన్న నిచ్చెన మెట్లు లెక్కపెట్టమనండి. ఊపిరి తీసుకోవడం కంటే వదలడం నెమ్మదిగా సాగేలా మీరూ అతనితో కలిసి చేయండి.

మూడో రోజు, ముప్పయ్యో రోజు

బ్రిటన్‌లో నౌకాదళానికి చెందిన రాయల్ మెరైన్స్ సైనికులు రూపొందించుకున్న, తర్వాత అక్కడి అత్యవసర సేవల సిబ్బంది కూడా స్వీకరించిన ట్రిమ్ అనే పద్ధతిలో, శిక్షణ పొందిన తోటి ఉద్యోగే ఘటన జరిగిన సుమారు మూడు రోజుల తర్వాత ఒకసారి, నెల తర్వాత మరోసారి మాట్లాడతాడు. అతను వైద్యం చేయడు. మొదటిసారి చూసిన లక్షణాలు రెండోసారికి తగ్గాయా పెరిగాయా అని పోల్చి చూస్తాడు. మన స్టేషన్లలో అధికారికంగా అటువంటి ఏర్పాటు ఉన్నా లేకపోయినా, సొంత డైరీలో రెండు తేదీలు రాసుకోవడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. ఘటన జరిగి ఏడాది నిండే తేదీ కూడా రాసుకోండి.

నెలకు లక్షణాలు తగ్గకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్ళాల్సిందే. అంతకుముందే డ్యూటీ చేయలేని స్థితి వస్తే నెల దాకా ఆగకూడదు. వరంగల్‌లో ఎం.జి.ఎం. ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఉన్నది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. పీటీఎస్‌డీకి మనసు గాయాన్నే లక్ష్యంగా పెట్టుకున్న కౌన్సెలింగ్ చికిత్సలు ఉన్నాయి, అవసరమైతే మందులూ ఇస్తారు. నిద్రమాత్రలు మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోవడం మాత్రం ప్రమాదం. ఆసుపత్రిలో పేరు రాయించి చిట్టీ తీసుకునే వరుసలో అతనితోపాటు మీరూ నిలబడండి. చాలామంది వెనుదిరిగేది ఆ వరుసలోనే.

గుట్టు, ప్రాణం

విన్న మాట మీ దగ్గరే ఉంటుందని మొదటే చెప్పండి, నిలబెట్టుకోండి. ఒక్కసారి క్యారమ్ బోర్డు దగ్గర ఆ మాట దొర్లిందంటే ఆ స్టేషన్‌లో ఇంకెవరూ నోరు విప్పరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కును రోగికి ఇచ్చిందని భయపడేవారికి తెలియజేయండి. అయితే ప్రాణాపాయం ఉన్నప్పుడు గుట్టు వర్తించదని కూడా అదే మొదటి మాటలో చెప్పి ఉంచాలి.

'నేను లేకుంటేనే నయం' వంటి మాట వినబడితే దాటవేయకండి. "తమ్మీ, సచ్చిపోవాలన్న ఆలోచన వస్తున్నదా?" అని నేరుగా అడగండి, అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుల మందు డబ్బా ఉంటే అక్కడి నుంచి తీయించండి, అతనికి తెలియజేసిన తర్వాతే ఇంటివారిని కలుపుకోండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అవసరమైతే 108కు గాని 112కు గాని ఫోన్ చేయండి.

తిరిగి డ్యూటీలోకి

చికిత్సలో ఉన్నవాణ్ణి బయటికి పంపకుండా, ఫోన్లు అందుకునే వాచ్ రూమ్‌కే పరిమితం చేయడం దయలా కనిపిస్తుంది గాని, అతనికి అది శిక్షలా తగులుతుంది. డాక్టర్ సరేనన్నాక అలవాటైన పనులతో మొదలుపెట్టించండి, అతను నమ్మే మనిషిని జతగా వేయమని స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌ను కోరండి. మొదటి బావి కాల్ వచ్చినప్పుడు టెండర్ ఎక్కకముందు పక్కకు పిలిచి, "ఇయ్యాల పైన తాడు కాడ ఉంటవా, లోపలికి దిగుతవా?" అని అడగండి. అతను ఏది చెబితే ఆ చోటే ఇవ్వండి.