బేస్ గిటార్‌కి పన్నెండు అంగుళాల బాక్సు: ప్లైవుడ్ కోత నుంచి పోర్టు సరిచేసేదాకా

ఒంగోలు చర్చి క్వయర్‌లో చూసినా, కావలి, నెల్లూరు పెళ్లి ఆర్కెస్ట్రాల్లో చూసినా బేస్ గిటార్ వైరు తీసుకెళ్లి కీబోర్డు స్పీకర్లోనే పెడుతుంటారు. నోటు వినబడుతుంది గానీ గుండెకు తగలదు. సౌండు పెంచితే కోన్ (స్పీకర్లో ముందుకూ వెనక్కూ కదిలే కాగితపు గరాటు) పటపటా కొట్టుకుంటుంది. దాంతో ఇంకో పెద్ద యాంప్లిఫైర్ కొనాలనిపిస్తుంది. ఆ డబ్బులో సగం మంచి స్పీకరు మీద, కొంత ప్లైవుడ్ మీద పెట్టండి. బేస్ బలమంతా పెట్టె లోపలి గాలిలో ఉంది.

నాలుగు తీగల బేస్‌లో లావుపాటి ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఆ శబ్ద తరంగం పొడవు ఎనిమిది మీటర్ల పైచిలుకు. విడి స్పీకరు చేత్తో పట్టుకుని అంత పెద్ద తరంగం పుట్టించబోతే, కోన్ ముందుకు తోసిన గాలి అంచు చుట్టూ తిరిగి వెనక ఖాళీలోకి జారిపోతుంది, చెవికి మిగిలేది శూన్యం. పెట్టె ముందుగాలినీ వెనకగాలినీ విడదీస్తుంది. పోర్టు ఉన్న పెట్టెలో వెనకగాలి కూడా ఒక గొట్టం గుండా బయటికొచ్చి ముందుగాలికి తోడవుతుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే 'హూ' మంటుంది చూడండి, అదే సూత్రం. సీసా పెద్దదైతే స్వరం దిగుతుంది, మెడ పొడుగైనా దిగుతుంది.

చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ వాట్లకే గట్టి శబ్దం: ఈ మూడూ ఒకచోట దొరకవు, రెండు కావాలంటే మూడోది వదులుకోవాలి. హాఫ్‌మన్ పేరుతో చెప్పుకునే సూత్రం ఇది. పెట్టెనూ స్పీకరునూ లెక్కకట్టి జతచేసే పద్ధతిని 1961లో ఆస్ట్రేలియాలో థీల్ అనే ఇంజనీరు ప్రకటించాడు, 1970ల మొదట్లో స్మాల్ అనే ఇంకో ఇంజనీరు దాన్ని పూర్తి చేశాడు. స్పీకరుతో వచ్చే కాగితం మీద కనిపించే ఎఫ్ఎస్ (స్పీకరు తనంతట తాను మోగే స్వరం), క్యూటీఎస్ (ఆ మోత ఎంత త్వరగా ఆగుతుందో చెప్పేది), వీఏఎస్ (కోన్ బిగువుకు సమానమైన గాలి పరిమాణం) అంకెలకు థీల్-స్మాల్ అంకెలని పేరు రావడం అందుకే.

1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ 300 వాట్ల ట్యూబు (ట్రాన్సిస్టర్ల బదులు గాజు ట్యూబులతో నడిచే) యాంప్లిఫైర్, దానికింద పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉన్న మూసిన బాక్సు. దాన్ని చూసిన ప్రతి బేసిస్టూ అలాంటిది తనకూ ఉంటే బాగుండునని అనుకుంటాడు. నిజానికి ఆ మహా బాక్సు శబ్దం 60 హెర్ట్జ్ దగ్గరే తగ్గడం మొదలవుతుంది. అయినా ఛాతీ మీద గుద్దినట్టుంటుంది. బేస్ తీగ మోగినప్పుడు మూలస్వరం కన్నా దాని రెట్టింపు, అంటే ఇ తీగకు 82 హెర్ట్జ్, చాలాసార్లు బలంగా ఉంటుంది. మన చెవి దాన్నిబట్టి మూలస్వరాన్ని తనే పూరించుకుంటుంది. కాబట్టి 41 హెర్ట్జ్ దాకా దిగాలని పట్టుబట్టి పెట్టెను బీరువా చేయక్కర్లేదు. కింది కొలతల్లో పోర్టును 50 హెర్ట్జ్ దగ్గర పెట్టడానికి కారణం ఇదే.

ముందు స్పీకరు. బేస్ గిటార్‌కని గానీ పబ్లిక్ అడ్రస్ మిడ్-బేస్‌కని గానీ చేసిన పన్నెండు అంగుళాలది, 8 ఓమ్‌లు, 250 నుంచి 300 వాట్ల ఆర్ఎంఎస్ (ఆగకుండా మోయగలిగే అసలు వాట్లు). కాగితం మీద ఎఫ్ఎస్ 40-50 హెర్ట్జ్ మధ్య, క్యూటీఎస్ 0.3-0.4 మధ్య, వీఏఎస్ 60-100 లీటర్ల మధ్య, ఎక్స్‌మ్యాక్స్ (కోన్ ఒకవైపుకు శుభ్రంగా కదలగల దూరం) 4 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. ఈ అంకెలున్న కాగితం ఇవ్వలేని అంగట్లో కొనకండి. పీఎంపీఓ అని వేలల్లో రాసిన వాట్లు ఎందుకూ కొరగావు, ఆర్ఎంఎస్ ఒక్కటే లెక్క. సెన్సిటివిటీ (ఒక వాటుకు ఎంత శబ్దం ఇస్తుందో చెప్పే అంకె) 94 డెసిబెళ్లున్న స్పీకరు బదులు 97 ఉన్నది తీసుకుంటే యాంప్లిఫైర్ వాట్లు రెట్టింపు చేసినంత లాభం. గిటార్ స్పీకరు పనికిరాదు, దాని కోన్ అంత దూరం కదలడానికి చేసింది కాదు, వారంలో చిరుగుతుంది. కారు సబ్‌ఊఫర్ కూడా వద్దు. అది మిడ్ (మధ్యస్థాయి స్వరాలు) ఇవ్వదు. వేలు తీగను మీటిన చప్పుడు 700 హెర్ట్జ్ నుంచి 2,000 హెర్ట్జ్ దాకా ఉంటుంది, అది లేకపోతే ఏ నోటు వాయిస్తున్నారో బ్యాండులో ఎవరికీ తెలియదు.

ఇక చెక్క. 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ (మరిగే నీటినీ తట్టుకునే) ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది. ఐఎస్ 303 ముద్రతో వచ్చే మామూలు ఎంఆర్ (కొద్దిపాటి తేమనే తట్టుకునే) రకం చవక. కానీ మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, మైపాడు, కొత్తపట్నం వైపైతే ఏడాది పొడవునా ఉప్పుగాలి. రెండేళ్లకే అంచులు పొరలు పొరలుగా విచ్చుకుంటాయి. పార్టికల్ బోర్డు తడిస్తే ఉబ్బి మరలు ఊడొస్తాయి. సగం షీటు, అంటే 4 అడుగులకు 4 అడుగుల ముక్క చాలు. కోతలు ఇవి, అన్నీ మిల్లీమీటర్లలో:

పైపలక, అడుగుపలక: 436 × 391, రెండు
పక్కపలకలు: 500 × 391, రెండు
ముందుపలక, వెనకపలక: 500 × 400, రెండు

పైపలక, అడుగుపలక ఒక వరసలో, పక్కపలకలు ఒక వరసలో, ముందువెనకలు ఒక వరసలో పెడితే రంపం వెడల్పుతో కలిపి సరిగ్గా సరిపోతుంది. కోత వడ్రంగికి వదిలేయకుండా టింబరు డిపోలో టేబుల్ రంపం మీద కోయించండి. మూల ఒక మిల్లీమీటరు తప్పినా ఆ సందులోంచి గాలి ఊదుతుంది, తర్వాత ఎంత పుట్టీ పూసినా ఆ ఈల పోదు.

పలకల లోపలి వైపు, ముందు అంచు నుంచి 33 మిల్లీమీటర్లు, వెనక అంచు నుంచి 18 మిల్లీమీటర్లు వదిలి 25 మిల్లీమీటర్ల చదరపు చెక్క బద్దలు చుట్టూ అంటించండి. ముందుపలక, వెనకపలక వాటిమీద ఆనతాయి. ముందు మిగిలిన 15 మిల్లీమీటర్లు జాలీ కోసం. ప్రతి అతుకుకూ ఫెవికాల్ ధారాళంగా పూసి, 100 మిల్లీమీటర్లకో మర. మరకు ముందు సన్న డ్రిల్లు వేయాలి, లేకపోతే ప్లై అంచు చీలుతుంది. మరలు బిగించేటప్పుడు జిగురు అతుకు పొడవునా సన్నగా బయటికి పొంగాలి, పొంగని చోట ఖాళీ ఉన్నట్టే. ఎండాకాలమైనా ఒక రాత్రంతా కదపకండి, వానల్లో రెండు రోజులు. వెనకపలకకు మాత్రం జిగురు వద్దు. సన్న ఫోమ్ టేపు వేసి మరలతో బిగిస్తే రేపు రిపేరుకు తెరుచుకోవచ్చు. పక్కపలకల మధ్య 400 మిల్లీమీటర్ల కర్రముక్క ఒకటి, స్పీకరుకూ గొట్టాలకూ తగలకుండా, అడ్డంగా బిగించండి. అది లేకపోతే పక్కపలకలే మద్దెలలా మోగుతాయి.

ముందుపలకలో స్పీకరు రంధ్రం కొలత స్పీకరు కాగితం మీదే ఉంటుంది, పన్నెండు అంగుళాలకు దాదాపు 283 మిల్లీమీటర్లు. స్పీకరు పై అంచు పలక పైనుంచి 25 మిల్లీమీటర్ల కిందకి రావాలి. దాని దిగువన 110 మిల్లీమీటర్ల పీవీసీ డ్రైనేజీ గొట్టాలకు రెండు రంధ్రాలు. స్పీకరును చెక్కమరలతో బిగించవద్దు, వణుకుడుకు నెలల్లోనే వదులవుతాయి. పలక వెనకనుంచి టీ-నట్లు (చెక్కలో దిగి కూర్చునే పళ్ల నట్లు) కొట్టి, ముందునుంచి బోల్టులు. సముద్రం దగ్గరి ఊళ్లలో స్టెయిన్‌లెస్ బోల్టులే వాడండి.

గొట్టాలు రెండూ ముందు 30 సెంటీమీటర్లకు కోయండి. లెక్క ప్రకారం 26.5 చాలు. అయితే స్పీకరు, గొట్టాలు, కర్రలు ఆక్రమించిన చోటు పోను 60 లీటర్లు మిగలాలి, ఒక్కో పెట్టెలో అది కొంచెం అటూఇటూ అవుతుంది. గొట్టం కోయగలం గానీ పొడిగించలేం. అంటించకుండా, చుట్టూ ఇన్సులేషన్ టేపు చుట్టి బిర్రుగా దూర్చండి. లోపల వెనకపలకకూ పైపలకకూ ఒక పక్కపలకకూ దిండ్లలో కూరే పాలిస్టర్ దూది ఒక అంగుళం మందాన అంటించండి. మామూలు దూది తేమ పీల్చి జారిపోతుంది. గొట్టాల లోపలి మూతి దగ్గర మాత్రం ఏదీ ఉండకూడదు.

పోర్టు సరిచేయడానికి బాక్సును వీపు మీద పడుకోబెట్టండి, స్పీకరు ఆకాశం వైపు చూడాలి. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ పెట్టి యాంప్లిఫైర్‌కి కలిపి, సౌండు తక్కువలో ఉంచి 80 హెర్ట్జ్ నుంచి మొదలెట్టండి. కోన్ మీద నాలుగు బియ్యపు గింజలు వేయండి. 80 దగ్గర గింజలు సన్నగా వణుకుతాయి. 70, 65, 60కి దిగుతుంటే వణుకుడు తగ్గుతూ వస్తుంది. ఒక అంకె దగ్గర గింజలు దాదాపు నిలబడిపోతాయి, అప్పుడే గొట్టం మూతి మీద అరచెయ్యి పెడితే గాలి గట్టిగా తగులుతుంది. కోన్ ఊరుకుంది, పనంతా గొట్టం చేస్తోంది. ఇంకా దించితే గింజలు మళ్లీ ఎగిరెగిరి పడతాయి. ఆ నిలబడిన అంకే మీ పోర్టు స్వరం. 30 సెంటీమీటర్ల గొట్టంతో 46-47 దగ్గర వస్తుంది. రెండు గొట్టాలనూ సెంటీమీటరు చొప్పున లోపలివైపు కోస్తే ముక్కాలు హెర్ట్జ్ పెరుగుతుంది, వెనకపలకకు దూరం జరిగేకొద్దీ ఇంకొంచెం. 50 వచ్చాక చుట్టూ ఎంసీల్ పెట్టి అంటించేయండి. గింజలు తీయడం మరిచిపోకండి.

తర్వాత అగరబత్తి వెలిగించి, 40 హెర్ట్జ్ టోన్ పెట్టి, అతుకుల వెంట నెమ్మదిగా తిప్పండి. పొగ నిలువుగా లేస్తే మంచిది. ఒకచోట పొగ ముందుకీ వెనక్కీ తుళ్లిందంటే అక్కడ గాలి కారుతోంది. పెన్సిలుతో గుర్తుపెట్టుకుని లోపలినుంచి జిగురు పట్టించండి. వెనక వైరు తగిలించే జాక్ ప్లేటు చుట్టూ కూడా చూడాలి, ఎక్కువ లీకులు అక్కడే.

లోపలి వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, స్పీకాన్ (స్పీకరు వైర్లకని చేసిన, తిప్పితే లాక్ అయ్యే) జాక్ 1+ కి స్పీకరు ఎరుపు కొన. ఊరికే గుచ్చకుండా టంకం పెట్టండి, ఉప్పుగాలికి గుచ్చిన కొనలు పచ్చబడి ఒకరోజు శబ్దం ఆగిపోతుంది. రెండో స్పీకాన్‌ను మొదటిదానికి సమాంతరంగా కలిపితే ఇంకో బాక్సు జోడించుకోవచ్చు. కలిపాక 1.5 వోల్ట్ల సెల్లు ప్లస్ కొనను 1+ కి, మైనస్ కొనను 1- కి ఒక్క క్షణం తాకించండి, కోన్ ముందుకు రావాలి. వెనక్కి పోతే కొనలు తారుమారయ్యాయి. రెండు బాక్సుల్లో ఒకటి తారుమారైతే ఒకదాని బేస్ ఇంకొకటి మింగేస్తుంది. యాంప్లిఫైర్ నుంచి బాక్సుకు గిటార్ వైరు వాడకండి, అంత కరెంటుకు ఆ సన్నని తీగ వేడెక్కుతుంది.

మల్టీమీటర్ పెడితే 8 ఓమ్‌ల బాక్సు 5.5 నుంచి 6.5 చూపిస్తుంది, అది సరైనదే. రెండు 8 ఓమ్‌ల బాక్సులు కలిపితే 4 ఓమ్‌లు, రెండు 4 ఓమ్‌లవి కలిపితే 2. యాంప్లిఫైర్ వెనక 'కనీసం 4' అని ఉంటే 2 ఓమ్‌లు తగిలించిన రోజే అది ఆగిపోతుంది, లేదా ఔట్‌పుట్ కాలిపోతుంది. ట్యూబు యాంప్లిఫైర్ అయితే కథ వేరు, స్పీకరు లేకుండా మోగిస్తేనే దాని ట్రాన్స్‌ఫార్మర్‌కు ముప్పు. ఈ బాక్సుకు 8 ఓమ్‌ల దగ్గర 250-300 వాట్లిచ్చే క్లాస్-డి (బరువు తక్కువుండే రకం) యాంప్లిఫైర్ చాలు. బేస్ నాబ్‌ను నిండా తిప్పి 12 డెసిబెళ్లు పెంచితే ఆ స్వరాల దగ్గర పదహారు రెట్ల వాట్లు అడిగినట్టు. పోర్టు స్వరం కింద కోన్‌ను పట్టి ఆపే గాలి ఉండదు, అందుకే ఐదు తీగల బేస్ అయితే ఐదో తీగ బి, 31 హెర్ట్జ్, గట్టిగా మీటితే 'ఠక్కు' మంటుంది. 35 హెర్ట్జ్ హైపాస్ (ఆ కింది స్వరాలను కోసేసే వడపోత) ఉన్న యాంప్లిఫైర్ లేదా పెడల్ పెట్టుకుంటే ఆ ఠక్కు రాదు, శబ్దంలో పోయేదీ ఏమీ ఉండదు.

ఎర్త్ సంగతి పొదుపు చేయకండి. ఫంక్షన్లలో ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేసి హమ్ (గుయ్యిమనే రొద) పోయిందంటారు, దాంతోపాటు షాకు నుంచి కాపాడేదీ పోతుంది. తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకు తగిలి జివ్వుమంటే వాయించడం అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. జనరేటర్ మీద నడిచేచోట అయితే వాయించకముందే ఎర్త్ చూపించమని అడగండి.

రోహిణి కార్తె ఎండలో బాక్సును మూసిన వ్యానులో వదిలితే పైన అంటించిన రెక్సిన్ జిగురు కరిగి అంచులు లేస్తాయి, క్లాస్-డి యాంప్లిఫైర్ వేడికి తనంతట తానే ఆగిపోతుంది. ఫ్యాను రంధ్రాల మీద గుడ్డ కప్పకండి. రెక్సిన్ అంటించే పని సీటు కవర్లు కుట్టేవాళ్లకిస్తే మూలల మడతలు శుభ్రంగా వస్తాయి.

షామియానా కింద బల్లలు పరిచిన స్టేజీ మీద బాక్సు పెడితే కిందున్న ఖాళీ తనే డ్రమ్ములా మోగి నోట్లన్నీ ఒకటే బురబురలాగా వినబడతాయి. చీమకుర్తి పలకల యూనిట్లలో మిగిలిన గ్రానైట్ ముక్క ఒకటి, బాక్సు అడుగుకు సరిపడేది, తెచ్చుకోండి. దానికింద రెండంగుళాల గట్టి ఫోమ్, పైన రబ్బరు కాళ్ల మీద బాక్సు. కింద బల్లలు వణకడం ఆగి, ఎక్కడ నోటు మొదలైందో ఎక్కడ ఆగిందో డ్రమ్మర్‌కు కూడా తెలుస్తుంది. గ్రానైట్ లేనిచోట బాక్సును కుర్చీ ఎత్తులో గట్టి స్టాండు మీద పెట్టండి, స్పీకరు మీ మోకాళ్లకు కాకుండా చెవి వైపు చూస్తుంది.